మా ఇంట్లో రెండు సముద్రాలు

సముద్రం మా ఇంటికి మరీ దూరమేమీ కాదు. కారెక్కి ముప్పావుగంట పోతే చూడవచ్చు, కాళ్ళు తడుపుకోవచ్చు, చీకటి పడేలోగా ఇంటికి వచ్చి కుక్కరు పెట్టుకోవచ్చు. అయినా మావారికి అది చాలలేదు. సముద్రాన్ని ఇంటికే తీసుకువచ్చారు.

మేముండేది అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో, ఎడిసన్ అనే ఊళ్ళో. 2008లో ఒక స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్ళాము. వాళ్ళ హాల్లో పగడాల అక్వేరియం ఉన్నది. భోజనానికి పిలిస్తే మావారు రారు. విస్తరి ముందు కూర్చున్నా చూపంతా అటే. ఆ రాత్రి రెండు గంటలదాకా మంచంమీద దొర్లుతూనే ఉన్నారు. అప్పుడే అనుకున్నాను, ఇంటిమీదికి ఏదో వస్తున్నదని.

పగడమంటే నవరత్నాల్లో ఒకటనీ, కుజదోషానికి ఉంగరంలో పెట్టుకుంటారనీ తప్ప నాకు ఇంకేమీ తెలియదు. అది చిన్నచిన్న ప్రాణుల కాపురమనీ, దిబ్బలు కట్టే పగడాల ఒంట్లో కంటికి కనిపించని నాచు చేరి, వెలుతురుతో వాటికి వండి పెడుతుందనీ ఆయన చెప్పాకే తెలిసింది. వంటమనిషిని ఒంట్లోనే పెట్టుకున్న అదృష్టవంతులన్నమాట!

మొదట కొన్నది ఇరవై గాలన్ల తొట్టె. మన లెక్కలో డెబ్బయి అయిదు లీటర్లు. అందులో ఉప్పునీళ్ళు కలిపి పోసి, సముద్రపు రాళ్ళు పేర్చారు. వాటిని లైవ్ రాక్ అంటారు, అంటే బతికున్న రాళ్ళు. రాయి బతికి ఉండటమేమిటని నవ్వాను గాని, సంగతి నిజమే. చేప విసర్జించిన మలినం అమోనియా అవుతుంది. అది విషం. ఆ రాళ్ళ రంధ్రాల్లో ఉండే సూక్ష్మజీవులు దాన్ని విరిచి, అంత హాని చెయ్యని నైట్రేటుగా మారుస్తాయి. రాతి లోపల, గాలి చొరని చోట ఉండే మరికొన్ని ఆ నైట్రేటును కూడా విరిచి నత్రజనిగా పైకి పంపేస్తాయి. ఈ కూలీలంతా పనిలోకి దిగడానికి నెలో నెలన్నరో పడుతుంది. అందాకా చేపను వెయ్యకూడదు. ఆ నెలన్నరా మా ఇంటికి వచ్చినవాళ్ళంతా నీళ్ళలో రాళ్ళను చూసి, మా ఇద్దరి మొహాలూ చూసి, మాట మార్చేవారు.

ఆ చిన్న తొట్టెతో ఆగితే ఈ కథే లేదు. 2010లో నూట ఇరవై గాలన్ల తొట్టె వచ్చింది. నాలుగువందల యాభై లీటర్లు. తొట్టె పెద్దదయింది గనుక చేపలు ఎక్కువ కొన్నారు. చేపలు ఎక్కువయ్యాయి గనుక మురికి ఎక్కువయింది. మురికి తియ్యడానికి స్కిమ్మరు వచ్చింది. బెల్లం పాకం కాగుతుంటే పైకి తేలిన తెట్టును గరిటెతో తీసిపారేస్తామే, అదే పని అది బుడగలతో చేస్తుంది. పగడాలకు వెలుతురు చాలదని బల్లంత దీపాలు వచ్చాయి. దీపాల వేడికీ, మోటార్ల వేడికీ నీళ్ళు కాగుతున్నాయని చల్లార్చే యంత్రం వచ్చింది. పగడాలు సున్నం తాగుతాయని సున్నం అందించే యంత్రం ఒకటి. వీటన్నిటినీ దాచడానికి అడుగున ఇంకో తొట్టె. అందరిమీదా పెత్తనం చెయ్యడానికి ఒక కంట్రోలరు. అది నీళ్ళ ఉష్ణోగ్రత ఎంతో మావారి ఫోనుకు కబురు చేస్తుంది, ఆయన ఆఫీసులో ఉన్నా సరే. గోచి కోసం పిల్లిని పెంచిన సన్యాసి కథ మీకు తెలుసుగా! అయిదువేల డాలర్లు దాటిన తరువాత నేను లెక్క అడగడం మానేశాను. ఆయన చెప్పడం అంతకుముందే మానేశారు.

ఒక్క ముచ్చట చెబుతాను. తొట్టెలో నీళ్ళు రోజూ ఆవిరైపోతుంటాయి. ఆవిరయ్యేది నీళ్ళే గాని ఉప్పు కాదు. పులుసు మరిగితే ఉప్పగా అయినట్టు ఇదీ అవుతుంది. అందుకని తగ్గినంత మేరా మంచినీళ్ళు పొయ్యాలి. ఈ చాకిరీకి కూడా ఒక యంత్రం ఉన్నది. నీటిమట్టం తగ్గితే ఒక బెండు కిందికి దిగుతుంది, మోటారు ఆడి నీళ్ళు పడతాయి, బెండు పైకి లేవగానే ఆగిపోతుంది. ఒకనాటి రాత్రి ఒక నత్త షికారుగా వెళ్ళి ఆ బెండు మీద కూర్చున్నది. బెండు పైకి లేవలేదు. మోటారు తెల్లవార్లూ ఆడింది. పొద్దున్నే లేచి హాల్లో కాలు పెట్టేసరికి తివాచీ చీలమండల దాకా చప్పచప్పమన్నది. నత్త మాత్రం హాయిగా అక్కడే కూర్చున్నది.

దానికి మావారు చేసిన మరమ్మతు ఏమిటో తెలుసా? మొదటి బెండుకు కాపలాగా రెండో బెండు కొన్నారు.

పెద్ద తొట్టె వచ్చాక పాతదాన్ని గరాజులో పడేయబోతుంటే నేను అడిగి పుచ్చుకున్నాను. ఎందుకడిగానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మనం చూసి పెంచినదాన్ని అటక ఎక్కించడం మనసొప్పలేదు, అంతే. ఆయన పేర్చగా మిగిలిన రాళ్ళు నావి. విరిగిపోయాయని పక్కన పెట్టిన పగడపు ముక్కలు నావి: పుట్టగొడుగుల్లా ఉండేవి కొన్ని, చొక్కా గుండీల్లా ఉండేవి కొన్ని, చేతివేళ్ళు ముడుస్తూ విప్పుతూ ఉండే జీనియా ఒక గుత్తి. ఒక దీపం, ఒక హీటరు, నీటిని కదిలించే చిన్న మోటారు ఒకటి. ఒకే ఒక్క గోబీ చేప, వేలెడంత. అయిదారు నత్తలు. స్కిమ్మరు లేదు. ప్రతి శనివారం రెండు గాలన్ల నీళ్ళు తీసి, రెండు గాలన్ల కొత్త ఉప్పునీళ్ళు పోసేదాన్ని. రోజూ పొద్దున కాఫీ డికాక్షను దిగే లోపల, అద్దంమీద పెన్సిలుతో గీసుకున్న గీతదాకా గ్లాసుతో మంచినీళ్ళు పోసేదాన్ని. నా కంట్రోలరు ఆ గీతే.

మావారు మంచిగానే హెచ్చరించారు. “చిన్న తొట్టెలో తప్పుకు చోటుండదోయ్. ఒక్కరోజు మరిచిపోతే ఉప్పు పెరిగిపోతుంది. నీళ్ళు ఎక్కువుంటేనే అన్నీ నిలకడగా ఉంటాయి” అన్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది అక్షరాలా నిజం. నా తొట్టె నన్ను ఊరు కదలనివ్వలేదు. మొదటి మూడు నెలలూ రాళ్ళనిండా ఆకుపచ్చ పాచి పట్టి చూడబుద్ధయ్యేది కాదు. దానికి మందున్నదన్నారు, పొడి ఉన్నదన్నారు. నేను మేత తగ్గించి, నీళ్ళు మారుస్తూ, నత్తలకు వదిలేశాను. ఇంకేమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఎంత కష్టమో పిల్లల్ని పెంచినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. నాలుగో నెలలో పాచి తగ్గింది.

అందం మాటకొస్తే ఆయన తొట్టెదే అందం. నీలపుటంచుల కొమ్మల పగడాలు, పసుపు ముద్దలాంటి టాంగ్ చేప, ఆకుపచ్చ క్రోమిస్‌ల గుంపు, నారింజ రంగుమీద తెల్లపట్టీల క్లౌన్ చేపల జంట. అవన్నీ నా తొట్టెలో బతకవు. ఆ కొమ్మల పగడాలకు ఎండంత వెలుతురు, అద్దంలాంటి నీళ్ళు, రోజూ సున్నం కావాలి. టాంగ్ చేపకు ఈదడానికి మైదానం కావాలి. నా దగ్గర తక్కువ సామాను చాలిందంటే, తక్కువ కోరుకున్నాను గనుక చాలింది. ఇంటికొచ్చినవాళ్ళు ఆయన తొట్టెముందు నిలబడేవారు. నాదాని మీద కాఫీ గ్లాసు పెట్టేవారు.

మా తమ్ముడు విశాఖపట్నం నుంచి ఫోటోలు చూసి, తానూ ఒకటి పెడతానన్నాడు. వద్దన్నాను. దిబ్బలు కట్టే రాతి పగడాలను మన దేశంలో 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికీ వాటికీ ఒకటే రక్షణ. ఇక్కడైతే తొట్టెల్లోనే పెరిగిన కొమ్మలు విరిచి, గులాబీ అంట్లలా ఒకరికొకరు ఇచ్చుకుంటారు. తమ్ముడు గప్పీలు పెంచుకుంటున్నాడు. సుఖంగా ఉన్నాడు.

2012 జూలైలో మా అత్తగారు వచ్చారు. మామగారు పోయి అప్పటికి ఏడాది. భీమిలిలో రోజూ సముద్రం చూస్తూ నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, మా ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని రోడ్డుమీద పోయే కార్లు చూసేవారు. మాట్లాడిస్తే మాట్లాడేవారు, లేకపోతే లేదు. కొన్నాళ్ళకు కుర్చీ నా తొట్టె దగ్గరికి జరిగింది. “పెద్దదాని దగ్గర కూర్చోండి అత్తయ్యా, చాలా చేపలున్నాయి” అన్నాను. “అదంతా రొదమ్మా! పిండిమర పక్కన కూర్చున్నట్టుంటుంది” అన్నారు.

క్లౌన్ చేపల సంగతి ఒకటి చెప్పాను ఆవిడకు. జంటలో పెద్దది ఆడది. అది చచ్చిపోతే మగది మెల్లగా తానే ఆడదిగా మారి సంసారం నిలబెడుతుంది. అత్తగారు కాసేపు ఆలోచించి, “మీ మామగారికి ఆ విద్య వచ్చి ఉంటే, నేను పుట్టింటికి పోయినప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగేది” అన్నారు. అని, నవ్వారు. ఏడాది తరువాత ఆవిడ నవ్వగా వినడం అదే.

ఆ అక్టోబరు 29న, సోమవారం రాత్రి, శాండీ తుఫాను న్యూజెర్సీ తీరం దాటింది. మావారు శుక్రవారమే ఆఫీసు పనిమీద కాలిఫోర్నియా వెళ్ళారు. విమానాలన్నీ రద్దయి అక్కడే చిక్కుకున్నారు. ఇంట్లో నేనూ, అత్తగారూ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయీ. రాత్రి ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. మావారు ఇలాంటి సమయానికే ఒక పెద్ద బ్యాటరీ పెట్టి ఉంచారు. సామానంతా దానికే తగిలించారు గనుక మూడు గంటలు వచ్చింది. రాత్రి పదకొండున్నరకు ఆ రొద ఆగిపోయింది. రెండేళ్ళుగా విసుక్కున్న రొద అది. ఆగిపోగానే గుండె జారినట్టయింది. కంట్రోలరు కబురు చెయ్యడానికి ఇంటర్నెట్టు కూడా లేదు.

తెల్లవారి లేచి చూద్దును గదా, పెద్ద తొట్టెలో చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అత్తగారు వచ్చి చూశారు. “గాలాడటం లేదమ్మా వాటికి. మా చిన్నప్పుడు ఎండాకాలంలో చెరువు తగ్గిపోతే తెల్లవారుజామున ఇలాగే తేలేవి. పిల్లలం దిగి నీళ్ళు చిలికేవాళ్ళం” అని, పూజగదిలోకి వెళ్ళి చెంబు పట్టుకొచ్చారు.

“రాగి చెంబు వద్దు అత్తయ్యా!” అని అరిచాను. రాగి మనకు ఆరోగ్యమే గాని, నత్తలకూ రొయ్యలకూ పగడాలకూ విషం. ఆవిడ తెల్లబోయి ఆగారు. వంటింట్లోంచి స్టీలు చెంబు తెచ్చి ఇచ్చాను.

ముంచడం, మూరెడు ఎత్తునుంచి పొయ్యడం. నీళ్ళు పడ్డచోట బుడగలు లేచి గాలి కలుస్తుంది. స్కిమ్మరు, మోటార్లు, ఇన్ని యంత్రాలూ కలిసి చేసిన పనిలో మొదటి పని ఇదే. పీట వేసుకుని అత్తగారు గంట, నేను గంట, మధ్యలో మా అమ్మాయి పావుగంట. చిన్న తొట్టెలో పదిహేను నిమిషాలకొకసారి పది చెంబులు పోస్తే చాలింది, అందులో ఉన్నది ఒక్క చేపే గనుక. పెద్దదానికి ఎన్ని పోసినా చాలలేదు.

తరువాత చలి పట్టుకుంది. ఉండవలసింది 78 డిగ్రీలు, ఫారన్‌హీటు లెక్కలో. రెండు తొట్టెలకూ రజాయిలు చుట్టాము. చిన్నదే ముందు చల్లబడింది, మావారు చెప్పినట్టే. కాని మా గ్యాసుపొయ్యి అగ్గిపుల్లతో వెలుగుతుంది. వేణ్ణీళ్ళు కాచి, సోడా సీసాల్లో పోసి, మూత బిగించి, చిన్న తొట్టెలో తేలేస్తే గంటలో మూడు నాలుగు డిగ్రీలు లేచేది. అవే సీసాలు పెద్దదానిలో వేస్తే సముద్రంలో కాకిరెట్ట వేసినట్టు. బుధవారం రాత్రికి అందులో 64 చూపించింది. గురువారం పొద్దున పసుపుపచ్చ టాంగ్ చేప రాళ్ళమధ్య పక్కకు ఒరిగి ఉన్నది. కొమ్మల పగడాలు తోలు ఊడినట్టు తెల్లబడుతున్నాయి. చచ్చినదాని మురికి బతికున్నదాన్ని చంపుతుంది. నీళ్ళు వాసన మొదలుపెట్టాయి.

“అమ్మాయ్! రెంటినీ పట్టుకుంటే రెండూ పోతాయి” అన్నారు అత్తగారు.

నాకూ తెలుసు. కాని అది నాది కాదే! ఆ తొట్టెముందు మావారు రాత్రుళ్ళు ఎంతసేపు కూర్చునేవారో, ఒక్కొక్క కొమ్మా బొటనవేలంత ఉన్నప్పటినుంచీ ఎలా పెంచారో చూసినదాన్ని. ఇది వదిలెయ్యమని చెప్పే హక్కు నాకెక్కడిది? వీధి చివరదాకా నడిస్తే ఫోను పలికేది. వెళ్ళాను. ఆయన మొదట అమ్మ ఎలా ఉన్నదన్నారు, పిల్ల ఎలా ఉన్నదన్నారు. తరువాత మెల్లగా, “ట్యాంకు ఎలా ఉంది?” అన్నారు.

“ఉంది” అన్నాను.

ఇంటికి వచ్చి, సొమ్మసిల్లి అందుబాటులోకి వచ్చిన క్లౌన్ చేపల జంటనూ, ఒక రొయ్యనూ గిన్నెతో ముంచి నా తొట్టెలో వేశాను. మిగతావి రాళ్ళ సందుల్లో ఉన్నాయి, చిక్కలేదు. అప్పుడు చెంబు తీసి చిన్న తొట్టె దగ్గర పెట్టాను. ఆ మధ్యాహ్నం పెద్ద తొట్టె వైపు నేను చూడలేదు. అత్తగారు దానిమీద దుప్పటి కప్పారు.

మావారు శనివారం వచ్చారు. ఆ రోజే మా జిల్లాలో కార్ల నెంబర్లనుబట్టి సరిసంఖ్యలకు ఒకరోజు, బేసిసంఖ్యలకు ఒకరోజు పెట్రోలు పొయ్యడం మొదలుపెట్టారు. స్నేహితుడెవరో క్యూలో నిలబడి పోయించుకుని తీసుకువచ్చాడు. తలుపు తియ్యగానే వాసన కొట్టి ఉంటుంది. బూట్లు విప్పకుండా వెళ్ళి దుప్పటి ఎత్తి చూశారు.

“గురువారమే పోయిందా?” అన్నారు.

“అవునండీ.”

“మరి ఉన్నదన్నావు?”

నేను మాట్లాడలేదు. ఆయనా అడగలేదు. చాలాసేపటికి, “క్లౌన్‌లు?” అన్నారు. చిన్న తొట్టె వైపు చూపించాను. రజాయి తొలగించి, టార్చి వేసి చూశారు. రెండూ ఒక మూల ఆనుకుని ఉన్నాయి. అత్తగారు చెంబు ఆయన చేతిలో పెట్టి, “నా చెయ్యి లాగుతోందిరా, కాసేపు పొయ్యి” అన్నారు. ఆ రాత్రంతా ఆయనే పోశారు. మా వీధికి మంగళవారం కరెంటు వచ్చింది. మర్నాడు మంచు కురిసింది. నా తొట్టె మాత్రం పూర్తిగా బయటపడిందనుకోకండి. జీనియా మొత్తం కరిగిపోయింది. ఒక్కొక్క ప్రాణిది ఒక్కొక్క తీరు.

పెద్ద తొట్టెను బకెట్లతో ఖాళీ చేశాం. కిటికీలు తెరిచి, ఆ చలిలో కోట్లు తొడుక్కుని, రెండు రోజులు. వసంతకాలం దాకా అది వట్టిగాజుగా నిలబడి ఉన్నది. ఆయన అప్పుడు చదవడం మొదలుపెట్టారు. ఒకనాడు భోజనాల దగ్గర, “నీ పద్ధతి కొత్తదేమీ కాదు సుమా!” అన్నారు. జకార్తాలో లీ చిన్ ఇంగ్ అనే ఆయన సముద్రపు నీళ్ళు, బతికున్న రాళ్ళు, సన్నగా గాలిబుడగలు, ఎండ, ఇంతే సామానుతో పగడాలను తొట్టెల్లో పెంచి, 1961లో అమెరికాలోని చేపల పత్రికలో రాశాడట. అప్పట్లో ఉప్పునీటి తొట్టె అంటే కడిగి ఎండబెట్టిన తెల్లటి పగడపు అస్థిపంజరాలు పేర్చేవారు చాలామంది. తరువాత 1980ల ప్రాంతంలో బెర్లిన్ వాళ్ళు బతికున్న రాళ్ళనే నమ్ముకుని, వాటికి మంచి దీపం, గట్టి స్కిమ్మరు మాత్రం జతచేశారట. “స్కిమ్మరు కూడా దండగ అనకు. ఆ రాత్రి నా తొట్టెలో ప్రాణులెక్కువ. అదీ తప్పు” అన్నారు. ఆ ఒక్క మాటకు నేను మూడు నెలలు ఎదురుచూశాను. వచ్చాక జవాబేమి చెప్పాలో తెలియక మజ్జిగ వడ్డించాను.

ఆ వేసవిలో పెద్ద తొట్టె మళ్ళీ నిండింది. నా తొట్టెలోని రాళ్ళు నాలుగు అందులోకి వెళ్ళాయి, విత్తనానికన్నట్టు. దీపం, హీటరు, రెండు మోటార్లు, స్కిమ్మరు. బ్యాటరీమీద ఆడే చవక గాలి మోటారు ఒకటి, కరెంటు పోతే రోజులు వస్తుంది. చేపలు నాలుగే. కంట్రోలరు అమ్మేశారు. మంచినీళ్ళు చేత్తో పోస్తారు. మూడో ఏట మళ్ళీ కొత్తరకం దీపాలు కొన్నారు. ఖరీదు నేనడగలేదు, ఆయన చెప్పలేదు. కొత్తదీపం కింద నీలపుటంచుల కొమ్మ ఒకటి పెరుగుతూ ఉంటే నేను కూడా వెళ్ళి చూస్తూనే ఉన్నాను.

ఇది జరిగి పుష్కరం దాటింది. అత్తగారు ఆ డిసెంబరులోనే భీమిలి వెళ్ళిపోయారు. ఫోనులో ఆదివారం ఆదివారం పలకరించినప్పుడు మా అందరి క్షేమం ముందు అడుగుతారు, తరువాత “ఆ జంట ఉందా?” అంటారు. ఆడది నాలుగేళ్ళ కిందట పోయింది. మగది ఆడదయింది. ఆ కబురు చెబితే ఫోను అవతల మళ్ళీ ఆ నవ్వే వినిపించింది.

స్టీలు చెంబు ఇంకా తొట్టె పక్కన కొక్కేనికే వేలాడుతున్నది. ఉప్పు పట్టి అంచంతా తెల్లబడిపోయింది. చింతపండు పెట్టి తోమి చూశాను, పోలేదు.